ఏమీ చేయని పనిముట్టు

సోమవారం పదిన్నరకు మొదలైన సమావేశం పన్నెండింటి దాకా రెండు ఎడిటర్ ప్రోగ్రాముల దగ్గరే ఆగిపోయింది. రెండూ చేసేది ఒకటే పని, ఫైలు తెరిచి నాలుగక్షరాలు దిద్దటం. ఒకటి డాక్టరు గారి వేళ్ళకు అలవాటు, రెండోది వలాయన వేళ్ళకు అలవాటు. ఒకరిదాంట్లోకి ఇంకొకరు వెళ్తే బయటికి రావటం కూడా తెలియదు. తలపండిన ఇద్దరు మగవాళ్ళు ఒక ఫైలు మూసే పద్ధతి మీద ఇంత పౌరుషానికి పోగలరని వివరాలమ్మకు ఇంతకు ముందు తెలిసే అవకాశం లేకపోయింది. ఆమె ఇంట్లో ఉన్నది ఒక్క మగాడే.

బల్ల చివర కూర్చుని ఆమె మినిట్స్ రాస్తోంది. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. కుడికాలు తనంతట తనే ఊగుతోంది. అందరి కప్పుల చెవులూ ఒకే వైపుకు తిప్పి పెట్టింది, ఎవరూ గమనించలేదు.

ఆ కంపెనీ తయారుచేసేది ఒక ఆపరేటింగ్ సిస్టమ్. క్లినిక్కుల్లో, లైబ్రరీల్లో, దుకాణాల కౌంటర్ల మీద పుస్తకమంత ఉండే చిన్న మిషన్లు దాని మీద నడుస్తాయి. ఏదో ఒక పొద్దున మిషన్ లేవనని మొండికేస్తే, డిస్కుతో సంబంధం లేకుండా ఒక చిప్పులో విడిగా కట్టిపెట్టిన చిన్న గది తలుపు తెరుచుకుంటుంది. అత్యవసర పెట్టె అందులో ఉంటుంది. పడిపోయినదాన్ని లేపే పనిముట్లన్నీ ఆ పెట్టెలోనివే. గది సైజు అరవై నాలుగు ఎంబీలు. పన్నెండేళ్ళ కిందట ఎవరో కొలిచి గోడ కట్టేశారు, ఇప్పుడు ఊళ్ళ నిండా ఉన్న మిషన్లలో ఆ గోడ జరపటం కుదరదు. కొత్త వెర్షన్‌కి పనిముట్లన్నీ కలిపితే ఎనభై దాటాయి. ఏది ఉండాలో ఏది పోవాలో శుక్రవారం ఐదింటికల్లా తేలాలి.

డాక్టరు గారు అసలు డాక్టరు కాదు. డిస్కులు బాగుచేసే ‘మరమ్మతు’ అనే పనిముట్టు రాసి, పద్దెనిమిదేళ్ళుగా దాన్ని సాకుతున్నందుకు వచ్చిన బిరుదు అది. వలాయన నెట్‌వర్క్ మనిషి. ‘నకలు’ అనేది పాడైన డిస్కును అంటీ ముట్టకుండా ఇంకో డిస్కు మీదకి తీసిపెట్టే పనిముట్టు. దాన్ని రాసిన ఆమెనూ నకలు అనే పిలిచేవాళ్ళు, ఆమె ఏమీ అనుకునేది కాదు. మేనేజరు ఏ తగువుకైనా సర్దుకుపొమ్మనే తీర్పు చెప్తాడు కనక సర్దుబాటు గారు. ఇక వివరాలమ్మ రాసేది సహాయం పేజీలు. ఏ పనిముట్టు ఎందుకు, ఎప్పుడు, ఎలా వాడాలో బొమ్మలతో సహా నూట నలభై పేజీలు. తొమ్మిది ఎంబీలు. డాక్టరు గారు దాన్ని చేటభారతం అనేవాడు, ఎదురుగానే.

ఎడిటర్లు రెండూ ఉండాలని సర్దుబాటు గారు తేల్చాక ఆమె పెన్ను కింద పెట్టి తన పేజీల సంగతి అడిగింది.

పేజీలు పెద్ద డిస్కు మీద ఉంటాయి కదా, పెట్టెలో ఎందుకు అన్నాడు వలాయన. పెద్ద డిస్కు చచ్చినప్పుడే కదా పెట్టె తెరిచేది అంది ఆమె. ఒక్క క్షణం అందరూ తలలు దించుకున్నారు. పన్నెండేళ్ళుగా మందుసీసా భద్రంగా పెట్టెలో పెట్టి, ఎన్ని చుక్కలో రాసిన కాగితం కాలిపోయే ఇంట్లో ఉంచుతున్నారని ఆ క్షణంలో అందరికీ తెలిసింది. తరవాత డాక్టరు గారు గొంతు సవరించుకున్నాడు.

“తెలిసినవాళ్ళకి అక్కర్లేదు మేడం. తెలియనివాళ్ళు ఎలాగూ ముట్టుకోకూడదు.”

ఓటింగ్ పెడదామని ఆమె అంటే, ఓటు పనిముట్టు ఉన్నవాళ్ళకేనని సర్దుబాటు గారు చాలా మర్యాదగా గుర్తుచేశాడు. అది కంపెనీ నియమం. పెట్టెలోని ప్రతి పనిముట్టుకీ ఒక యజమాని ఉండాలి. ఆ వెర్షన్ వాడుకలో ఉన్నన్నాళ్ళు, అంటే ఐదేళ్ళు, ఆ మనిషిని ఆ కుర్చీలోంచి కదిలించకూడదు. ఆ కుర్చీకే ఓటు. “మీది పనిముట్టు కాదు కదండీ, రాత. చోటు మిగిలితే చూద్దాం.”

ఈ మాటని కూడా ఆమే మినిట్స్‌లో రాసుకోవాల్సి వచ్చింది.

సమావేశం అయ్యాక నీళ్ళ యంత్రం దగ్గర సర్దుబాటు గారు ఇంకో ముక్క చెప్పాడు. ఈసారి పేజీలు పెట్టెలోకి వెళ్ళకపోతే ఆ పనికంటూ విడిగా ఒక సీటు ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారట. ప్రకటనల విభాగంలో ఖాళీ ఉందట. “మీ చెయ్యి మంచిది. అక్కడా రాయొచ్చు. సర్దుకుపోతారుగా.” ఆమె గ్లాసు నిండి పొంగి చేతిమీద పడుతున్నా బటన్ మీంచి వేలు తీయలేదు.

*

ఆ సాయంత్రం ఆమె ఇంటికి ఒక మిషన్ మోసుకొచ్చింది. పేజీల్లో బొమ్మల కోసమని నకలు సిద్ధంచేసి ఇచ్చిన మిషన్ అది. పక్కమూత కింద డిస్కు కేబుల్ క్లిప్పు కొంచెం వదులుచేసి ఉంది. డిస్కు నిక్షేపంలా ఉంది, కేబుల్‌కే పట్టు లేదు. వేలితో నొక్కితే సరిపోయే జబ్బు. కాని పైనుంచి చూసేవాళ్ళకి డిస్కు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

అత్తగారు ఇరవై ఎనిమిదేళ్ళు అగ్నిమాపక కేంద్రంలో ఫోన్లు ఎత్తి రిటైరయిన మనిషి. ఇప్పటికీ ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తి “చెప్పండి, ఎక్కడ?” అంటుంది. అవతల పాలవాడు కంగారుపడతాడు. కోడలు బల్లమీద మిషన్ పెట్టి, ఫ్రిజ్ తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, ఏం కావాలో గుర్తురాక నిలబడటం చూసి ఆవిడ అడిగింది.

“ఏమిటే అమ్మాయ్, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?”

వివరాలమ్మ మొత్తం చెప్పింది. చెప్తూ చెప్తూ గరిటెలన్నీ పొడవు వారీగా సర్దింది. అత్తగారు విని, నీ పెట్టె నేను తెరిచి చూస్తాను, అర్థమవుతుందో లేదో చెప్తాను అంది. మీకెందుకు అత్తయ్యా అంటే, నాకంటే తెలియనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు నీకు అంది.

నిజమే. వివరాలమ్మ మిషన్ వెలిగించింది. పరీక్షల కోసం అమర్చిన పెద్ద చిప్పులో పెట్టె మొత్తం ఉంది, ఎనభై ఎంబీల పనిముట్లూ, తన తొమ్మిది ఎంబీల పేజీలూ. స్క్రీన్ మీద పదకొండు పేర్ల జాబితా. అన్నిటికంటే పైన ‘సహాయం’. అత్తగారికి కళ్ళజోడు వెతుక్కోవటానికి రెండు నిమిషాలు పట్టింది. అది పెట్టుకున్నాక ఇరవై సెకన్లు పట్టలేదు. నేరుగా ‘మరమ్మతు’ మీదకి వెళ్ళి నొక్కింది. ఖాయమేనా అని మిషన్ అడిగింది. అవునంది. స్క్రీన్ మీద అంకెలు పరుగులు తీశాయి, మధ్యలో చిన్న పిల్లాడు నత్తినత్తిగా చదువుతున్నట్టు ఆగి ఆగి. చివరికి ఒక వాక్యం నిలిచింది. మరమ్మతు పూర్తయినది. మూడువేల నూట పద్దెనిమిది శిథిల ఫైళ్ళు తొలగించబడినవి.

“బాగైందిట” అంది అత్తగారు.

కేబుల్ పట్టులేక సగం సగం వినిపించిన డిస్కుని, పాడైపోయిందనుకుని ఊడ్చేసింది మరమ్మతు. ముట్టుకోకుండా ఉంటే అన్నీ ఉండేవి.

సహాయం ఎందుకు నొక్కలేదని వివరాలమ్మ అడిగింది. గొంతులో తనకు తెలియకుండానే కోపం వచ్చింది.

“మిషన్ పాడైంది. మరమ్మతు అని రాసుంది. ఇంక నేను ఇంకెక్కడికి పోతానే. అయినా నీది కూడా ఒకసారి చూశాను, మొన్న నువ్వు ప్రింటు తెచ్చినప్పుడు. మొదటిపేజీ ముందుమాట. ముందుమాట ఎవరు చదువుతారు?”

ఆవిడకి చదివే అలవాటు లేదులే అనుకుంది వివరాలమ్మ. అదీ పూర్తి నిజం కాదు. అత్తగారు రోజూ పేపరు చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా చదువుతుంది.

*

మంగళవారం ఆమె ఈ సంగతి చెప్తే డాక్టరు గారు కడుపుబ్బా నవ్వాడు. మీ అత్తగారు కాబట్టి అలా చేశారు, మాబోటివాడైతే ముందు మూత తీసి కేబుల్ చూస్తాడు అన్నాడు. వలాయన కూడా తలూపాడు. అక్కడే ఆమెకు తిక్కరేగింది. తిక్కరేగినప్పుడు ఆమె చాలా మెత్తగా మాట్లాడుతుంది.

అయితే ఒక చిన్న ఆట ఆడదామంది సర్దుబాటు గారితో. ఐదు మిషన్లు, ఐదు జబ్బులు. ఎవరికి ఏది వస్తుందో చీటీలు తీద్దాం. ఫోన్లు సొరుగులో పెట్టాలి. పెట్టెలో ఉన్నవాటితోనే బాగుచేయాలి. ఏ పనిముట్టు నిజంగా పనికొస్తుందో అదే చెప్తుంది. ఎవరినీ నొప్పించకుండా జాబితా తెగుతుందనేసరికి సర్దుబాటు గారికి ప్రాణం లేచొచ్చింది.

మిషన్లు నకలు తయారుచేసింది. మధ్యాహ్నమంతా ఇద్దరూ ప్రయోగశాల గదిలో మూతలు విప్పుతూ కూర్చున్నారు. నకలు స్క్రూలన్నీ ఒక మూతలో వేసి, విప్పిన వరసలోనే మళ్ళీ బిగించేది. మాటలు తక్కువ మనిషి. ఒక మిషన్‌కి గడియారం పదేళ్ళు వెనక్కి తిప్పింది. ఒకదానికి పాస్‌వర్డ్ మార్చింది. ఒకదానికి నెట్‌వర్క్ ఫైలు చెరిపింది, ఒకదానికి డిస్కులో నిజంగానే ఒక మూల పాడుచేసింది. ఐదోదానికి కేబుల్ వదులుచేసి, దాంట్లో ఏం పెడదాం అక్కా అని అడిగింది. వివరాలమ్మ కాసేపు ఆలోచించినట్టు నటించింది. మరమ్మతుకి సంబంధించిన డాక్టరు గారి పద్దెనిమిదేళ్ళ ఫైళ్ళన్నిటి కాపీ ఒకటి పెడదామంది. అసలువి వేరేచోట భద్రంగా ఉంటాయి కనక పాపం లేదు.

చీటీల్లో మోసం జరగలేదు. జరగాల్సిన అవసరం రాలేదు. బుధవారం పొద్దున డాక్టరు గారు తన చేత్తో తనే ఐదో చీటీ తీశాడు.

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, చేతులు రుద్దుకుని, మిషన్ వెలిగించాడు. డిస్కు దొరకటం లేదు, దొరుకుతోంది, లేదు అని స్క్రీన్ గొణిగింది. ఆయన మూత వైపు చూడలేదు. జాబితా కూడా చూడలేదు. వేళ్ళే వెళ్ళాయి. మరమ్మతు అని కొట్టి, పక్కన ఇంకో అక్షరం కలిపాడు. అడిగే ప్రశ్నలన్నిటికీ ముందే సరే అని చెప్పే అక్షరం. పద్దెనిమిదేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు కొడుతున్న అక్షరం అది. చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డ వివరాలమ్మ చూసింది. పదకొండు సెకన్లు. కళ్ళజోడు వెతికిన సమయం తీసేస్తే అత్తగారికి దాదాపు ఇరవై పట్టింది.

అంకెలు నత్తినత్తిగా పరుగెత్తుతున్నప్పుడు ఆయన చెయ్యి ఒక్కసారి పక్కమూత మీదకి వెళ్ళింది. అక్కడే ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. తొలగించబడిన ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి వెళ్తుంటే, అవి ఎవరివో ఆయన గుర్తుపట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చని వివరాలమ్మ రెండ్రోజులుగా ఎదురుచూసింది కాని, తీరా చూస్తే ఆమెకీ నవ్వు రాలేదు.

మధ్యాహ్నం సర్దుబాటు గారు తీర్పు సిద్ధంచేసుకొచ్చాడు. మనలో ఇంత అనుభవమున్న వ్యక్తే తడబడ్డారంటే సహాయం పేజీలు పెట్టెలో ఉండి తీరాలి. చిన్నాచితకా తీసేశాక కూడా చోటు చాలదు కనక ఇంకోటి పోవాలి. ఎడిటర్లు పోవటానికి వీల్లేదు. నకలు పనిముట్టు దగ్గర దగ్గర తొమ్మిది ఎంబీలే ఉంది, పైగా అది దేన్నీ బాగుచేయదు, ఊరికే కాపీ తీస్తుంది. పేజీలు లోపలికి, నకలు బయటికి. నకలు రాసే ఆమెను ప్రింటర్ల జట్టులోకి మార్చొచ్చు.

డాక్టరు గారు కాదనలేదు. ఆ రోజు ఆయన దేన్నీ కాదనే స్థితిలో లేడు.

నకలు ప్రయోగశాలలో కేబుళ్ళు చుట్టుకుంటోంది. మోచేతికీ బొటనవేలికీ మధ్య, ఒక్కో చుట్టూ ఒకే సైజులో. వివరాలమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అనబోయింది.

“పోనీలే అక్కా. నీ సీటు నిలబడింది.”

ఆ మాటలో దెప్పు ఉంటే బాగుండేది. లేదు.

*

గురువారం ఆమెకు కుర్చీలో కుదురు లేదు. గెలిచింది. గెలిచినవాళ్ళు కూర్చుని పని చేసుకోవాలి. ఆమె మెట్లెక్కి దిగింది. కిటికీ తెర ఎత్తింది, దించింది. డ్రాయరులోని పిన్నుల డబ్బా బోర్లించి, తుప్పు పట్టినవి వేరుచేసింది. చివరికి ఆటకి సంబంధించిన మినిట్స్ పూర్తిచేద్దామని ఐదు మిషన్ల లాగ్‌లు తెరిచింది. ఎవరు ఏది ఎప్పుడు నొక్కారో మిషన్లు సెకన్లతో సహా రాసిపెట్టుకుంటాయి. ఎవరి పనిముట్టు ఎన్నిసార్లు తెరిచారో ఒక పట్టిక వెయ్యాలి.

తన వరస చివర వేసింది. సహాయం పేజీలు. మొదటి మిషన్, సున్నా. రెండోది సున్నా. మూడోదానిలో ఒకసారి తెరిచినట్టు ఉంది. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. నాలుగు సెకన్ల తరవాత మూసేశారు. ఆ మిషన్ వలాయనది. ఎడిటర్ కోసం వెళ్ళబోయి పొరపాటున పై వరస నొక్కి ఉంటాడు, ఆ వెంటనే ఆయన ఎడిటర్ తెరిచిన గుర్తు ఉంది. నాలుగు, సున్నా. ఐదు, సున్నా.

ఐదుగురు మనుషులు. ఐదు జబ్బులు. నూట నలభై పేజీలు జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నాయి. ఆరో మనిషి అత్తగారు.

ఈ లాగ్‌లు ఇంకెవరూ చూడరు. మినిట్స్ కోసం లాగ్‌లు చూసే మనిషి ఆ ఆఫీసులో ఒక్కతే. పట్టికలో చివరి వరస చెరిపేస్తే ఎవరికీ తెలియదు. ఆమె చెరిపింది. మళ్ళీ రాసింది. టీ తెచ్చుకుని తాగటం మరిచిపోయింది.

అదే పట్టికలో ఇంకో వరస ఉంది. నకలు, ఒకసారి. నిజంగానే పాడైన డిస్కు వచ్చింది కొత్తగా చేరిన గ్రాఫిక్స్ ఆయనకి. ఏం చేయాలో తోచక, ఇది పాడుచేయదు కదా అని ముందు కాపీ తీసుకున్నాడు. ఆ ఒక్క మిషన్‌లోనే ఒక్క ఫైలూ పోలేదు.

ఇంటికి వెళ్ళాక ఆమె అత్తగారిని అడిగింది. మంటలంటుకున్న ఇంటివాళ్ళు ఫోన్ చేస్తే మీరు ఏం చెప్పేవాళ్ళు? ఏ పుస్తకం చూసి చెప్పేవాళ్ళు?

అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. పుస్తకం ఉండేదిట, లావుపాటిది. దాని మీద ఆవిడ టీ గ్లాసు పెట్టుకునేదిట. గోడకి ఒక అట్ట ముక్క ఉండేది, దాని మీద మూడే వరసలు. ఎక్కడ. లోపల ఎవరైనా ఉన్నారా. మూడోది, లైన్లో ఉండండి.

“మూడోది ఎందుకో తెలుసా? సమాచారం కోసం కాదు. ఫోన్ పెట్టేస్తే మళ్ళీ లోపలికి పరుగెత్తుతారు. బీరువా తెస్తామనో, మంట ఆర్పుతామనో. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేరు. బండి వచ్చేదాకా వాళ్ళని ఏమీ చెయ్యకుండా పట్టుకోవటం, అదే నా ఉద్యోగం.” ఒక బఠాణీ జారి నేలమీద దొర్లితే వంగి తీసుకుంది. “ఇరవై ఎనిమిదేళ్ళు జీతం తీసుకున్నాను దానికి.”

వివరాలమ్మ ఆ సాయంత్రం తన పేజీలు తెరిచి మొదట ముందుమాట తీసేసింది. సులువుగానే పోయింది. తరవాత చరిత్ర. తరవాత బొమ్మలు, బాణం గుర్తులతో సహా. ఒక్కో బొమ్మకి ఒక పూట పట్టింది ఆమెకి. చిక్కుపడి ఉండే కేబుళ్ళలో ఏది ఎక్కడిదో తెలిసేలా రంగులు వేయటానికి నాలుగు వారాలు పట్టింది. వాటినీ తీసేసింది. నూట నలభై పేజీలు నలభైకి దిగాయి, నలభై కాస్తా ఆరుకి దిగాయి. ఆరు పేజీల దగ్గర లేచి వెళ్ళి కుళాయి కట్టే ఉందో లేదో చూసొచ్చింది. భర్త పేపరు మీంచి తల ఎత్తి, ఏం పోయిందని అడిగాడు. వెతకట్లేదు, పారేస్తున్నానంది. చివరికి రెండు వరసలు మిగిలాయి.

*

శుక్రవారం సమావేశంలో ఆమె మినిట్స్ పుస్తకం మూసిపెట్టి పట్టిక అందరి ముందూ ఉంచింది. తన వరస కింద తనే గీత గీసింది.

సర్దుబాటు గారు రెండుసార్లు చదివి, ఇది మీకే నష్టం కదండీ అన్నాడు. ఆయనకి పాపం నిజంగానే బాధ కలిగింది. ఇంత చక్కగా సర్దుకున్న తగువుని మళ్ళీ విప్పుతున్నందుకు.

పేజీలు వద్దని చెప్పింది ఆమె. ఆ చోట్లో నకలు ఉండాలి. మొదటి స్క్రీన్ మీద జాబితాకి పైన రెండు వరసలు కావాలి. ఇంకా ఏదీ నొక్కకండి. ముందు మూత తీసి కేబుళ్ళు గట్టిగా ఉన్నాయో చూడండి. జాబితాలో మొదటిది ‘ఏమీ మార్చకుండా ఆపు’. కంగారులో ఏ మీట నొక్కినా అదే జరగాలి. డిస్కు మీద ఒక్క అక్షరం కదలకుండా మిషన్ ఆగిపోవాలి. బాణం మీటతో కావాలని కిందికి దిగితేనే మిగతావి. రెండోది నకలు. మరమ్మతు అన్నిటికంటే కింద.

వలాయన నవ్వాడు. ఏమీ చేయనిదాన్ని పనిముట్టు అని పెట్టెలో ఎలా పెడతామన్నాడు. నకలు తల ఎత్తకుండానే, దాన్ని రాసేశాను, పన్నెండు కేబీలు అంది. మీ ఎడిటర్‌లో ఆకుపచ్చ రంగుకి అయ్యేంత చోటు. అది ఆమె ఆ వారంలో ఆడిన అతి పెద్ద మాట. వలాయన నవ్వు సగంలో ఆపేశాడు.

అందరూ డాక్టరు గారి వైపు చూశారు. ఆయన బుధవారం నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. పట్టికని తన వైపు తిప్పుకున్నాడు. ఐదో మిషన్ వరస మీద వేలు పెట్టి, పదకొండు సెకన్లు అన్న అంకె దగ్గర కాసేపు ఉంచాడు.

“బుధవారం ఈ రెండు వరసలు అక్కడ ఉన్నా నేను చదివేవాణ్ణి కాదు. మేడం అన్నట్టు ఏ మీట నొక్కినా ఆగిపోయేలా చెయ్యండి. చదవనివాళ్ళ కోసం.”

ఓటింగ్‌లో వలాయన కూడా చెయ్యెత్తాడు, కొంచెం ఆలస్యంగా. వివరాలమ్మకు ఎత్తటానికి ఓటు లేదు కనక పెన్ను ఎత్తి రాసుకుంది.

ఐదుకి పది నిమిషాలుండగా సర్దుబాటు గారు చివరి ఫారం నింపుతున్నాడు. పనిముట్టు పేరు, సైజు, యజమాని. కింద నుంచి పైకి నింపుకుంటూ వచ్చి మొదటి వరస దగ్గర ఆగాడు. ఏమీ మార్చకుండా ఆపు. పన్నెండు కేబీ. యజమాని గడి ఖాళీ. ఇది ఎవరిది రాయమంటారని నకలుని అడిగాడు. రాసింది నేనే కాని నాకు నాది ఉంది కదా సార్ అంది ఆమె.

“ఆవిడదే కదా, ఆవిడ పేరే రాయండి” అన్నాడు డాక్టరు గారు, కోటు తొడుక్కుంటూ.

సర్దుబాటు గారు ఒక అక్షరం రాసి పెన్ను ఆపాడు. ప్రకటనల విభాగానికి పంపాల్సిన కాగితం ఆయన ఫైల్లోనే ఉంది. ఐదేళ్ళ నియమం ఆయన రాసిందే. ఆమె వైపు చూశాడు. ఆ నియమం సంగతి వారమంతా ఆమెకు తట్టలేదని ఆమె మొహమే చెప్పింది. ఇప్పుడు తట్టిందని కూడా చెప్పింది. ఆయన నిట్టూర్చి మిగతా అక్షరాలు రాశాడు.

అలా ఆమెకు ఓటొచ్చింది, ఇక వెయ్యటానికి ఏమీ మిగలని వేళకి.

లిఫ్టు దగ్గర డాక్టరు గారు వెనకనుంచి పిలిచాడు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మరమ్మతుకి వేరే పేరు కావాలట. ఆ పేరు చూస్తే ఎవరైనా నొక్కేస్తారు. నొక్కబోయే చెయ్యి ఆగేలా ఏదైనా చెప్పమన్నాడు. పద్దెనిమిదేళ్ళు సాకిన పేరు. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, మూసుకుని వెళ్ళిపోయింది.

“చివరి ప్రయత్నం” అంది.

“చావుకబురులా ఉంది.”

“అవును సార్.”

ఆయన ఇంకోసారి పెదవుల కింద అనుకుని చూసుకుని, సరే అని మెట్ల మీదుగా దిగిపోయాడు.

*

శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వివరాలమ్మ మళ్ళీ ఆ మిషన్‌నే బల్లమీద పెట్టింది. కేబుల్ మళ్ళీ వదులు. పెట్టె మాత్రం కొత్తది. అత్తగారు ఈసారి కళ్ళజోడు పెట్టుకునే వచ్చింది. నేను ఏం పాడుచెయ్యాలి చెప్పు అంది. మీకు తోచింది చెయ్యండి అత్తయ్యా అంది కోడలు. బల్లకి అవతల నిలబడి, అక్కడున్న గ్లాసుని జరిపింది, మళ్ళీ జరిపింది.

స్క్రీన్ వెలిగింది. అత్తగారి చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళి మీటల మీద ఆనింది. వేలు ఎత్తింది. పై వరస చదివింది. పెదవులు కదలటం కనిపించింది. ఎత్తిన వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. తరవాత ఆవిడ రెండు చేతులూ వెనక్కి తీసుకుని, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

వివరాలమ్మ గ్లాసు వదిలేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ కాసేపు స్క్రీన్ వంక చూశారు. అది కూడా ఏమీ చెయ్యటం లేదు.

“ఇప్పుడేం చెయ్యాలి?” అంది అత్తగారు.

“ఏం లేదు అత్తయ్యా. కాసేపు అలాగే ఉండండి.”

అత్తగారు కళ్ళజోడు మీంచి కోడల్ని చూసింది. మళ్ళీ స్క్రీన్‌కి తిరిగి, ఇరవై ఎనిమిదేళ్ళు అవతలివాళ్ళ నోట విన్న మాట తను అంది.

“సరే. లైన్లోనే ఉన్నాను.”